లిటిగేషన్ లేని ఎకరం పది సెంట్లు

ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల వచ్చే రోడ్డు పక్కన ఎకరం పది సెంట్ల భూమి, ఏ తగాదా లేకుండా, పైగా దానానికి సిద్ధంగా ఉన్నదన్న వార్త మే నెల రెండో వారంలో నంద్యాలలో పొక్కింది. పట్టణం ఉలిక్కిపడింది. జిల్లా కేంద్రమైన నాటి నుంచి నంద్యాల చాలా చూసింది. పొద్దున వరిమడిగా ఉన్నది సాయంత్రానికి వెంచర్ కావడం చూసింది. ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మించి, ముగ్గురి గృహప్రవేశాలకూ వెళ్ళి తృప్తిగా భోంచేసి వచ్చిన మధ్యవర్తులను చూసింది. కానీ రోడ్డు పక్క భూమిని, అన్నదమ్ముల పేచీ లేనిదాన్ని, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నదాన్ని, మతి సరిగ్గా ఉన్న మనిషి ఊరికే ఇస్తానని బయలుదేరడం మాత్రం ఇదే మొదటిసారి.

ఆ మనిషి పేరు లూదియా టీచరు. డెబ్బై మూడేళ్ళు. ఆళ్ళగడ్డ పిల్లలకు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త శాంతయ్య పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేస్తూ ఆ ఎకరం పది సెంట్లు కొన్నాడు, అందులో రెండు గదుల ఇల్లు కట్టాడు, తొమ్మిదేళ్ళ కిందట కన్నుమూశాడు. టీచరుకు పిల్లల్లేరు. అంటే కడుపున పుట్టినవాళ్ళు లేరని. ఇంట్లో మాత్రం తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిది మందీ నల్లమల గూడెం నుంచి చదువు కోసం దిగివచ్చిన ఆడపిల్లలే. ఆరేళ్ళ కిందట బయ్యమ్మ అనే గూడెం మనిషి తేనె, కుంకుడుకాయలు అమ్ముకుంటూ వచ్చి, "ఒక్క నెల ఉంచుకోమ్మా, ఆస్టల్లో సీటు వస్తాది" అని మనవరాలు లక్ష్మిని టీచరు వరండాలో దింపిపోయింది. సీటు ఇంకా వస్తూనే ఉంది. ఈలోగా లక్ష్మి వెనక ఇంకో ఎనిమిది మంది వచ్చారు. ఇంటికి బాత్రూము ఒక్కటే కాబట్టి తెల్లవారేసరికి దాని ముందు తొమ్మిది బకెట్లు వరసగా నిలబడేవి.

ఈ మధ్య టీచరుకు రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. చావంటే ఆమెకు భయం లేదు, శాంతయ్య దగ్గరికేగా పోయేది అనుకునేది. "నేను పోతే ఈ పిల్లలు యాడుంటారు?" అన్నదే గుండె మీద బండ. ఎందుకంటే ఆమె పోయిన మర్నాడే ఆ భూమి మీద వాలడానికి శాంతయ్య తమ్ముడి కొడుకు ఏసయ్య నంద్యాలలో కాచుకుని కూర్చున్నాడు. ఏసయ్యది రియల్ ఎస్టేటు. పెద్దమ్మ కళ్ళెదుట కనబడితే పరామర్శిస్తాడు, కనబడకపోతే ఆమె భూమిని మనసులో ప్లాట్లు వేసుకుంటాడు. అందుచేత టీచరు ఒక నిర్ణయానికొచ్చింది. బతికి ఉండగానే భూమిని ఏదైనా ధర్మసంస్థకు రాసివ్వాలి, తన తర్వాత కూడా గూడెం పిల్లలు అక్కడే ఉండి చదువుకోవాలి.

నంద్యాలలో కృపాధార సేవా ట్రస్టును ఎరగనివాళ్ళు లేరు. ఎరగకపోతే అది వాళ్ళ లోపమే, ట్రస్టు తన వంతుగా ప్రతి కరెంటు స్తంభానికీ ఒక ఫ్లెక్సీ కట్టింది. ఆ ట్రస్టు వారు రెండేళ్ళ కిందట 'ముందుచూపు దాన పథకం' మొదలుపెట్టారు. 'సంతకం నేడు, స్వాధీనం మీ తదనంతరం' అని కరపత్రం. దాత తన ఇల్లో పొలమో ట్రస్టుకు రాసివ్వాలి, బతికున్నన్నాళ్ళు తానే అనుభవించాలి, తర్వాత తనకు వీలు చిక్కినప్పుడు కన్నుమూయాలి. ఆ పైన ట్రస్టు అక్కడ అనాథలకో వృద్ధులకో ఏదో ఒకటి కడుతుంది. పుణ్యం మాత్రం సంతకం తడి ఆరకముందే వచ్చేస్తుంది.

ఈ పథకానికి వచ్చిన స్పందన చూసి ట్రస్టు చైర్మన్ జాషువా గారు వేదిక మీదే కంటతడి పెట్టారు. రెండేళ్ళలో ముప్పై నాలుగు ఆస్తులు! బనగానపల్లె దగ్గర ఒక మామిడితోట. అందులో ఏడుగురు అన్నదమ్ములకు వాటాలుంటే, ఏ వాటా లేని బావమరిది ఉదారంగా రాసిచ్చాడు. పాణ్యం పక్కన ముప్పై సెంట్లు. ఎండాకాలంలో అది స్థలం, వానాకాలంలో నీళ్ళు పారే వంక. నంద్యాలలోనే ఒక మేడ, నలభై ఏళ్ళుగా ఖాళీ చేయని అద్దెదారుతో సహా. ఒక పెద్దమనిషి శ్మశానం పక్క జాగా రాసిచ్చాడు, కొలిపిస్తే అది పక్క జాగా కాదు, శ్మశానమేనని తేలింది. తీర్పుకు వారం ముందు దానగుణం పొంగుకురావడం మన జిల్లా నీళ్ళలోనే ఉంది. తనకిక దక్కదని తేలిపోయినదాన్ని అవతలివాడికి కూడా దక్కనివ్వకుండా దేవుడికి అప్పగించడంలో ఉన్న త్యాగం మామూలు మనుషులకు అర్థం కాదు. మొత్తం ముప్పై నాలుగు ఆస్తుల మీద ముప్పై నాలుగు కేసులు నడుస్తున్నాయి. ఇంతవరకూ ఎక్కడా ఒక్క ఇటుక పడలేదు గానీ, ట్రస్టు పుణ్యమా అని పదకొండు మంది లాయర్ల ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది. అది మాత్రం సేవ కాదా?

లూదియా టీచరు కాగితాలన్నీ సంచిలో వేసుకుని, పొద్దున బస్సుకు నంద్యాల వచ్చి, ట్రస్టు ఆఫీసు మెట్లెక్కింది. హాల్లో ఆరు ఫ్యాన్లున్నాయి. ఆరూ దాతలిచ్చినవే. ప్రతి రెక్క మీదా దాత పేరు, తండ్రి పేరు, ఊరు ఎర్రరంగుతో రాసి ఉన్నాయి. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు, పేరు కనబడకపోతే దాత మనసు నొచ్చుకుంటుంది. కాబట్టి ఆరూ ఆగి ఉన్నాయి, కింద జనం ట్రస్టు కరపత్రాలతో విసురుకుంటున్నారు. మే నెల నంద్యాల ఎండలో అంతకు మించిన ఉపయోగం ఏ కరపత్రానికీ ఉండదు.

పథకం అధికారి అజయ్ కుమార్ ఒకప్పుడు టీచరు దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే. లేచి నిలబడ్డాడు.

"వందనాలు మేడం. కూర్చోండి. తగాదా ఎవురితో?"

"ఎవురితోనూ లేదప్పా."

"అంటే ఇంకా మొదలు కాలేదా?"

"మొదలయ్యేదానికి ఏముంది? మా ఆయన దుడ్లు పెట్టి కొన్నాడు. రిజిస్ట్రేషను ఉండాది, పాసుపుస్తకం ఉండాది, మొన్న రీసర్వేలో రాళ్ళు కూడా నాటిపోయినారు."

అజయ్ కుమార్ చేతిలోని పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. ఇలాంటి సందర్భం శిక్షణలో చెప్పలేదు. దరఖాస్తు తీసి, ఏడో గడి మీద వేలు పెట్టి చూపించాడు. అందులో 'తగాదా వివరాలు, ప్రత్యర్థి పేరు' అని ఉంది.

"ఇది నింపకుంటే కంప్యూటరు ఎనిమిదో గడికి పోదు మేడం."

"లేదు అని రాయి."

"లేదు అంటే తీసుకోదు. మనిషి పేరే కావాల. బాగా గుర్తు చేసుకోండి మేడం, పక్క చేనోళ్ళు గట్టేమన్నా జరిపినారా? పోనీ, సారుకు ఇంకో సంసారం ఏమన్నా..."

టీచరు ఒక్క చూపు చూసింది. అజయ్ కుమార్‌కు పదమూడో ఎక్కం తప్పు చెప్పిన రోజు గుర్తొచ్చి, అరచేతులు ఒళ్ళో దాచుకున్నాడు.

వారం తిరక్కుండా ట్రస్టు వారి నిజనిర్ధారణ సంఘం రెండు కార్లలో ఆళ్ళగడ్డ వచ్చింది. భూమిలో ఉన్న లోపమేమిటో కనిపెట్టడం వాళ్ళ పని. ఒకాయన సర్వే రాళ్ళను కాలితో తన్ని చూశాడు, కదల్లేదు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళ కోసం తిరిగాడు, కొబ్బరికాయ నాలుగుచోట్ల లేచి నిలబడింది. ఆయన ముఖం చిన్నబోయింది. ఇంకొకాయన పొరుగు వాళ్ళను పిలిచి, "ఈడ ఎవురన్నా ఉరేసుకున్నారా? దయ్యం గియ్యం తిరుగుతాందా?" అని బుజ్జగించి అడిగాడు. "అట్లాంటిదేం లేదన్నా. ఆ పిల్లలు తెల్లారకముందే ఎక్కాలు చదువుతాంటారు, మాకు నిద్ర చెడుతాది, అంతే" అన్నారు వాళ్ళు. మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు తిని, పిల్లలు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తే కడుక్కుని, సంఘం నివేదిక రాసింది. 'భూమిని సమగ్రముగా పరిశీలించితిమి. ఎట్టి లోపమును కనబడలేదు. రోడ్డు పక్కన ఇంత భూమి లోపము లేకుండా ఉండుటయే అనుమానాస్పదముగా ఉన్నది. దాత మానసిక స్థితిని పరీక్షింపజేయవలెను.'

టీచరు మతిస్థిమితం ధ్రువపత్రం కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు ఆ రోజు ఏ వారమని అడిగాడు, ఆమె చెప్పింది. పదిహేడు తొమ్మిదులెంత అన్నాడు. "నూట యాభై మూడు. పంతొమ్మిది పదిహేడులు నువ్వు చెప్పు చూద్దాం" అంది. డాక్టరు తొందరగా తర్వాతి ప్రశ్నకు పోయాడు.

"భూమి ఎందుకిస్తాండారమ్మా?"

"గూడెం పిల్లలు ఉండి చదువుకునేదానికి."

"వాళ్ళు మీకేమైతారు?"

"ఏమీ కారు."

డాక్టరు రెండుసార్లు బీపీ చూశాడు. కళ్ళలోకి లైటు వేసి చూశాడు. చివరికి నిట్టూర్చి, 'అన్ని విధముల ఆరోగ్యము. భూమి విషయములో మాత్రము పరిశీలన అవసరము' అని రాసిచ్చాడు. ఆ కాగితం సంగతి టీచరు ఇల్లు చేరకముందే ఊరు చేరింది. రోడ్డు కింద గ్యాస్ పైపు పోతోందని కొందరు, శాంతయ్య అక్కడ చచ్చిన గేదెలను పూడ్చాడని కొందరు చెవులు కొరుక్కున్నారు. నిజంగా పిల్లల కోసమే ఇస్తోందని అన్నవాడు ఒక్కడు, వాడు తాగి ఉన్నాడు.

టీచరుకు ఒళ్ళు మండిపోయింది. జూన్ వచ్చేస్తోంది, బడులు తెరుస్తారు, ఆయాసం రెండో మెట్టు నుంచి మొదటి మెట్టుకు దిగింది. ఏడో గడి మాత్రం ఖాళీగానే ఉంది.

సరిగ్గా అప్పుడే ఏసయ్య కారు దిగాడు. చేతిలో బనగానపల్లె మామిడిపండ్ల బుట్ట, ముఖంలో దుఃఖం.

"ఏందీ పెద్దమ్మా, నేను చచ్చినాననుకున్నావా? ఎవురికో రాసిస్తాండావంట. ఆ భూమిలో మా నాయన దుడ్లు కూడా ఉండాయి. కోర్టుకు పోతా. కేసు ఏస్తా."

పెద్దమ్మ ఏడుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని సిద్ధపడి వచ్చాడు. పెద్దమ్మ ముఖం మాత్రం, ఎంతకీ తెగని లెక్క తెగినప్పటిలా వెలిగిపోయింది.

"వెయ్యి నాయనా! బేగా వెయ్యి. రేపే వెయ్యి. నీ పేరు, మీ నాయన పేరు, డోరు నంబరు తప్పులేకుండా రాయించు. లక్ష్మీ, మీ మామకు సంగటి పెట్టు!"

ఏసయ్య కేసుకు కాళ్ళూ లేవు, చేతులూ లేవు. మొదటి వాయిదాకే కొట్టేస్తారు, ఆలోగా దరఖాస్తు ఎనిమిదో గడి దాటుతుంది, పిల్లలకు హాస్టలు వస్తుంది. ఇదీ టీచరు వేసుకున్న లెక్క. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన ఆమెకు లెక్క తప్పడం అదొక్కసారే.

కేసు పడింది. ఏడో గడి నిండింది. కంప్యూటరు ఎనిమిదికి, తొమ్మిదికి చకచకా పోయింది. దానపత్రం రిజిస్టరైంది. ట్రస్టు ఊపిరి పీల్చుకుని, నంద్యాలలో ఒక కల్యాణ మండపం తీసుకుని సన్మానసభ పెట్టింది. జాషువా గారు మైకందుకున్నారు.

"ప్రియమైన సహోదరీ సహోదరులారా! ఈ తల్లి త్యాగాన్ని మొదట మేము అనుమానించాం. అవును, ఒప్పుకుంటున్నాను! తగాదా లేని భూమిని తెచ్చి మా గడపలో పెడితే మాకు నిద్ర పట్టలేదు. ఈ రోజు ఆ కొరత తీరింది. ఆ కొరత తీర్చిన సహోదరుడు ఏసయ్య గారు మన మధ్యనే ఉన్నారు. దాత ఎంత ముఖ్యమో ప్రత్యర్థి కూడా అంతే ముఖ్యం. ఆయన ముందుకు రాకపోతే ఈ దానం పూర్తయ్యేదా? చప్పట్లు కొట్టండి!"

చప్పట్లు మోగాయి. ఏసయ్యకు శాలువా కప్పారు. టీచరుకు కప్పినదానికంటే అది కాస్త మందంగానే ఉంది. తర్వాత నల్లరాతి శిలాఫలకం తెర తీశారు. 'దాత: శ్రీమతి లూదియా' అని పైన, కింద ఆమె పుట్టిన తేదీ, తేదీ పక్కన చిన్న గీత, గీత పక్కన ఖాళీ. చెక్కినాయన వినయంగా వచ్చి, "చోటు సరిపోతాదా అమ్మా?" అని అడిగాడు. టీచరు కళ్ళజోడు సవరించుకుని చూసి, సరిపోతుందనే చెప్పింది.

అప్పట్నుంచి ప్రతి సోమవారం అజయ్ కుమార్ ఫోను చేసేవాడు. "ఆరోగ్యం ఎట్లుంది మేడం? ఆయాసం?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు. బాగుందంటే, "ఓహో, బాగుందా..." అని ఫోను పెట్టేసేవాడు. మన కోసం ఇంతగా ఎదురుచూసే మనిషి ఉండటం ఎంత అదృష్టమో ఒంటరివాళ్ళకే తెలుస్తుంది.

హాస్టలు సంగతా? కేసు తేలేవరకు భూమి ఎట్లా ఉన్నది అట్లానే ఉండాలని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కొత్తగా ఏదీ కట్టరాదు, ఉన్నదేదీ తీయరాదు. కోర్టు తరఫున కమిషనరు వచ్చి అన్నీ చూసి రాసుకున్నాడు. గదులు రెండు, వరండా ఒకటి, బాత్రూము ఒకటి, వేపచెట్లు మూడు, నివసించుచున్న ఆడపిల్లలు తొమ్మిది. రెండో బాత్రూము కోసం టీచరు తెప్పించిన ఇటుకలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ రోజు టీచరు ఏడ్చింది. ఎవరి దగ్గరా దాచలేదు, వరండా మెట్టు మీద కూర్చుని పిల్లల ముందే కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. అంత పొడుగు కాగితాలుండి, అంత చదువుండి, ఏడో గడిలో పడి మోసపోయింది.

లక్ష్మి అప్పటికి ఇంటర్‌లో చేరింది. ఉత్తర్వు కాగితం తీసుకుని వేలు పెట్టి చదివింది.

"టీచరమ్మా, ఉన్నదేదీ తీయకూడదు అంటే, మమ్మల్ని కూడా తీయకూడదు కదా?"

టీచరు ఏడుపు ఆపి, కళ్ళజోడు తుడుచుకుని, ఆ వాక్యం మూడుసార్లు చదివింది. పిల్ల చెప్పింది నిజమే. ట్రస్టు ఇవ్వని హాస్టలును కోర్టు ఇచ్చింది. వారం తర్వాత ఏసయ్య టేపు పట్టుకుని ప్లాట్లు కొలవడానికి వస్తే లక్ష్మి ఆ కాగితం గడపలో అడ్డంగా పట్టుకుని నిలబడింది. ఏసయ్య టేపు చుట్టుకుని పోయాడు. ఆరోజు నుంచి టీచరు వాయిదా పడిందని తెలిస్తే పిల్లలకు పాయసం చేసి పెట్టేది. ఏడాదిలో పదకొండుసార్లు పాయసం తిన్నారు, పిల్లలు కాస్త ఒళ్ళు చేశారు కూడా.

కానీ మంచి కేసుకు దిష్టి తగలకుండా ఉంటుందా? కోర్టు వరండాలో కలిసి టీలు తాగీ తాగీ అజయ్ కుమార్‌కూ ఏసయ్యకూ స్నేహం కుదిరింది. స్నేహంలోంచి రాజీ పుట్టింది. రోడ్డు వైపు అరవై సెంట్లు ఏసయ్యకు, వెనక యాభై సెంట్లు ట్రస్టుకు. ట్రస్టు తన భాగంలో ఒక ఆర్చి, 'దాతల స్మారక వనం', అందులో పేర్లు రాసిన సిమెంటు బెంచీలు వేస్తుంది. పిల్లల ప్రస్తావన కూడా లేకపోలేదు. రాజీ పత్రం మూడో పేజీలో 'తొలగించవలసిన ఇతర అడ్డంకులు' కింద వేపచెట్ల తర్వాత వాళ్ళున్నారు. టీచరు నంద్యాల పోయి నిలదీసింది. "అనుభవ హక్కు దాత ఒక్కరికే మేడం, తొమ్మిది మందికి లేదు. భూమి ఇప్పుడు ట్రస్టుది, మీ సంతకంతో పని లేదు" అన్నాడు అజయ్ కుమార్, మర్యాదగా, ఆగి ఉన్న ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ. రాజీ పత్రం కోర్టుకు ఇవ్వడానికి ఇక పది రోజులుంది.

మర్నాడు బయ్యమ్మ కుంకుడుకాయల మూటతో మనవరాలిని చూడటానికి వచ్చింది. టీచరు ఆమెను వరండాలో కూర్చోబెట్టి, సంగతంతా చెప్పి, చేతులు పట్టుకుంది.

"కేసు ఆగిపోతే పిల్లలు రోడ్డు మీద పడతారు బయ్యమ్మా. కేసు నడవాలంటే ఇంకొకరు రావాల. ఈ భూమిలో నాకూ హక్కుందని నువ్వొక కేసు వెయ్యి."

"నాకు యాడుందమ్మా హక్కు?"

"వాళ్ళకు మాత్రం యాడుంది? ఉన్నోళ్ళే వేసినారా? ఏదో ఒకటి కల్పించి చెబుదాం."

బయ్యమ్మ వక్క నములుతూ కాసేపు వేపచెట్ల వైపు చూసింది.

"కల్పించేదెందుకులేమ్మా. ఈడ మా తాత వాళ్ళ గుడిసెలుండేవంట. ఆ చెట్లకాడ పది పన్నెండు. మా నాయన ఈడనే పుట్టినాడంట. రోడ్డు వేసేటప్పుడు లేసిపొమ్మన్నారంట, కొండకు పోయినారు. ఆ మీదట ఎవురో కంచె ఏసుకున్నారు. వాళ్ళకాడ మీ సారు కొన్నాడేమో. అది చెబితే సరిపోతాదా?"

 టీచరు కూడా ఆ చెట్ల వైపు చూసి అడిగింది.

"ఇన్నేండ్లు ఈ వరండాలో కూర్చుంటాండావే, ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేం బయ్యమ్మా?"

"ఎవురడిగినారమ్మా?"

లోపలికి వెళ్ళి టీచరు రేకుపెట్టె తెరిచింది. రిజిస్ట్రేషను, పాసుపుస్తకం, సర్వే పటం, అన్నీ ఉన్నాయి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నంద్యాల పెద్దమనుషులు రెండు కార్లలో వచ్చి కొబ్బరికాయలతో వెతికినా దొరకని లోపం ఏడేళ్ళుగా ఆమె వరండాలో కూర్చుని నీళ్ళు తాగి పోతోంది. తగాదా లేని భూమి అని ఆమె ఎంత గర్వపడింది! ఊళ్ళోవాళ్ళను ఎంత తిట్టుకుంది! సిగ్గుతో ఆమె ముఖం మాడిపోయింది. బయటికొచ్చి, "అయితే నీ భూమినే నేను దానం చేసినాను కదా" అంది మెల్లగా.

"ఇప్పుడు పండుకుంటాండేది మా పిల్లలే కదమ్మా. ఉండనీలే" అంది బయ్యమ్మ, మూట విప్పి కుంకుడుకాయలు కొలుస్తూ.

టీచరు దగ్గర చదువుకున్న లాయరు ప్రియదర్శిని, గుడిసెల గురించి బయ్యమ్మ చెప్పిన మాటలే ఆమె పేరుతో కేసుగా రాసి, రాజీ పత్రం కంటే ఒక రోజు ముందు కోర్టుకు ఇచ్చింది. రాజీ మూలన పడింది. కేసుకు కొత్త రక్తం వచ్చింది. సాక్షులను విచారించాలి, పాత రికార్డులు తెప్పించాలి, కొండ మీద ముసలివాళ్ళను దింపాలి. తక్కువలో తక్కువ ఇరవై ఏళ్ళ కేసు అని తెలిసినవాళ్ళు అంచనా కట్టారు. ఏసయ్య మంచమెక్కాడు. ట్రస్టు మాత్రం సంబరపడింది. ముప్పై అయిదు ఆస్తుల్లో రెండు తగాదాలున్నది ఇదొక్కటే. ఏడో గడి సరిపోక వేరే కాగితం జతచేయాల్సి వచ్చింది. వార్షిక సభలో జాషువా గారు బయ్యమ్మకు కూడా శాలువా కప్పి, "అడవితల్లి బిడ్డ మన తగాదాను సంపన్నం చేసింది" అని పొగిడారు. ఆమె వాదన నిజమా అని అడగాలని ఆ సభలో ఎవరికీ తోచలేదు. బయ్యమ్మ ఆ శాలువాను కుంకుడుకాయల మూటకు కట్టుకుని కొండెక్కింది.

సోమవారం ఫోను ఇప్పటికీ వస్తుంది. అజయ్ కుమార్ ఇప్పుడు ఆమె ఆరోగ్యం అడగడు, కేసు ఆరోగ్యం అడుగుతాడు. శిలాఫలకం మీద గీత పక్కన ఖాళీ అలాగే ఉంది, అది నిండినా తొమ్మిది మందికి వచ్చిన ముప్పు లేదు. చదువు ముగిసి ఒకరు వెళ్తే గూడెం నుంచి ఇంకొకరు దిగుతారు, కమిషనరు రాసిన లెక్క తొమ్మిదికి తగ్గకుండా టీచరు చూసుకుంటుంది. సాయంత్రం బడి నుంచి వచ్చాక తొమ్మిది మందీ వరండాలో చేతులు జోడిస్తారు. ఏసుప్రభువును తలిచేవాళ్ళు ఏసుప్రభువును, కొండదేవుడు ఓబులేశుని తలిచేవాళ్ళు ఓబులేశుని తలుచుకుని, అందరూ కలిసి ఒకే మాట అడుగుతారు. "సామీ, మా కేసును చల్లగా చూడు. తీర్పు రానియ్యొద్దు."

చదువుతున్న తమరు కూడా వాళ్ళ కోసం ఒక్కసారి చేతులు జోడించండి, జేబులోంచి పోయేదేమీ లేదు. ఆ తర్వాత వీలు చూసుకుని మీ ఇంటి స్థలం కాగితాలు తీసి చూసుకోండి. అన్నీ సరిగ్గానే ఉంటాయి. తగాదా ఏమీ ఉండదు. ఇంతవరకూ మీరు ఎవరినీ అడగలేదు కదా.